ఏడో కొక్కెం

నేను పిరికిదాన్ని. ఎవరో అనేదాకా ఎందుకు, నేనే ఒప్పుకుంటాను. బల్లి కనిపిస్తే వీధి చివరిదాకా వినపడేట్టు అరుస్తాను. నీళ్ళు చీలమండ దాటి వచ్చాయంటే నా పై ప్రాణాలు పైనే పోతాయి. అలాంటిదాన్ని ఇంట్లో పెట్టుకుని, పదహారేళ్ళు బస్సు నడిపిన మా ఆయన ఆ వేసవికి ముందు ఉద్యోగం మానేసి వచ్చి, సముద్రం ఒడ్డున ప్యాడిల్ బోర్డులు అద్దెకిస్తానన్నాడు.

బోర్డంటే మనిషికి రెండింతల పొడుగుండే తేలే పలక. దాని మీద నిటారుగా నిలబడి, పొడుగాటి తెడ్డుతో నీళ్ళు తోసుకుంటూ వెళ్ళాలి. మా దగ్గర సముద్రం అలలన్నీ బయటే వదిలేసి, కొండ వెనక్కి వంగి లోపలికి వస్తుంది. పళ్ళెంలో పోసినట్టుంటాయి నీళ్ళు. నేర్చుకునేవాళ్ళకి అంతకంటే మంచి చోటు లేదని మా ఆయన నమ్మకం.

"కూర్చుని వెళ్తే పోయేదానికి నిలబడ్డం దేనికండీ?" అన్నాను.

"నిలబడితేనే సరదా."

"పడిపోతే?"

"మళ్ళీ ఎక్కుతారు."

"ఎక్కలేకపోతే?"

"నువ్వు నీ కుట్టుమిషన్ చూసుకో. నీళ్ళ సంగతి నాకొదిలెయ్" అన్నాడు విసుగ్గా.

అప్పటిదాకా కిటికీ దగ్గర కూర్చుని గోళ్ళు తీసుకుంటున్న అత్తయ్య తలెత్తి, "ఒరేయ్, ముందు నాకు నేర్పించు" అంది.

అరవై నాలుగేళ్ళ మనిషి. మామయ్య పోయి రెండేళ్ళయింది. ఆ రెండేళ్ళలో ఆవిడ ఆ కిటికీ దగ్గర్నుంచి లేచిందే తక్కువ. తల్లి నోట ఒక కోరిక వినేసరికి మా ఆయన ముఖం వెలిగిపోయింది. నా గుండెల్లో మాత్రం రాయి పడింది.

కందకు లేని దురద కత్తిపీటకెందుకన్నట్టు, ఆవిడ పడని భయమంతా నేను పడ్డాను. లైఫ్ జాకెట్టు ఆవిడ భుజాల మీంచి జారిపోతుంటే విప్పి, సన్నం చేసి, వీపు మీద నారింజ రంగు గుడ్డ వేసి మళ్ళీ కుట్టాను.

"రోడ్డు వేసేవాళ్ళలా ఉన్నాను కదే" అని అత్తయ్య మూతి ముడిచింది.

"దూరం నుంచి కనపడాలి కదా అత్తయ్యా."

మనిషి పడ్డా బోర్డు పారిపోకుండా, బోర్డుకీ కాలికీ మధ్య ఒక తాడుంటుంది. ఆ తాడు చివర పట్టీ ఆవిడ సన్నటి కాలికి వదులైంది. దాన్ని తీసేసి, చెప్పులు కుట్టే దారంతో నాలుగు వరసలు కుట్టి కొత్త పట్టీ వేశాను. అత్తయ్య దాన్ని అటూ ఇటూ లాగి చూసింది.

"ఏనుగుని కట్టేస్తావా ఏంటి దీంతో?"

"మిమ్మల్ని కట్టేస్తాను."

"ముందు నీ మొగుణ్ణి కట్టెయ్యి. బంగారం లాంటి ఉద్యోగం వదిలి పారిపోయి వచ్చాడు."

మొదటి వారం ఆవిడ నిలబడ్డదాని కంటే పడ్డదే ఎక్కువ. మూడో వారంలో ఒక ఉదయం నిలబడింది. మోకాళ్ళు వణుకుతున్నాయి, నోరు తెరుచుకునుంది, అలాగే రేవు దాకా వెళ్ళి తిరిగొచ్చింది. తుడుచుకోవడానికి తువ్వాలు అందిస్తుంటే నా చెయ్యి పట్టుకుని, "అమ్మాయ్, అక్కడ నిలబడ్డంతసేపూ నాకు మీ మామయ్య గుర్తు రాలేదు" అంది. ఏదో తప్పు చేసినట్టు గొంతు తగ్గించి చెప్పింది. ఆ తర్వాత ఆవిణ్ణి ఆపడం ఎవరి తరమూ కాలేదు.

కొక్కేల ఆలోచన నాదే. షెడ్డు గోడకి వరసగా పన్నెండు కొక్కేలు, వాటికి పన్నెండు తెడ్లు, ఒక్కోదానికీ ఒక అంకె. తెడ్డు లేకుండా ఎవరూ వెళ్ళరు కాబట్టి కొక్కెం ఖాళీగా ఉందంటే ఎవరో నీళ్ళ మీద ఉన్నట్టు. పన్నెండూ నిండితేనే షెడ్డుకి తాళం. మా ఆయన మొదట నవ్వాడు, తర్వాత ఒప్పుకున్నాడు, చివరికి వచ్చినవాళ్ళ ముఖాలు చూడ్డం మానేసి ఆ కొక్కేలనే నమ్ముకున్నాడు. ఏడోది అత్తయ్యది. మా ఇల్లు షెడ్డుకి ఎదురుగానే. ఏడో కొక్కెం ఖాళీగా ఉన్నంతసేపూ కుట్టు కుట్టుకీ లేచి వెళ్ళి తొంగి చూసేదాన్ని.

నా భయానికి ఆజ్యం పోసింది సరంగు తాత. ముప్పై ఏళ్ళు సరుకు పడవలు నడిపి, ఇప్పుడు తన ముసలి ఇంజను పడవ నీడలో కూర్చుని కాలక్షేపం చేసే మనిషి. ఒకరోజు నన్ను పిలిచి కూర్చోబెట్టి చెప్పాడు.

"అలలున్న రోజు నాకు దిగులు లేదు తల్లీ. ఎవరూ దిగరు. కొండ వైపు నుంచి గాలి వీచే రోజుంటుందే, దాంతోనే చిక్కు. ఒడ్డున నీళ్ళు అద్దంలా నిలబడతాయి. అబ్బ, ఎంత బాగుందో అని దిగుతారు. గాలి వెనక నుంచి మెల్లిగా తోస్తుంటుంది. వెళ్ళేప్పుడు ఏమీ తెలీదు. తిరిగొచ్చేప్పుడు తెలుస్తుంది."

"ఈ మాట మా అత్తయ్యకి చెప్పు తాతా."

"చెప్పా. 'నీ పడవకంటే నా బోర్డే నయం' అంది."

ఆ రోజు పొద్దున అత్తయ్యకీ నాకూ మాటా మాటా వచ్చింది. సముద్రంలోకి తిరిగే మలుపులో, పడవలకి దారి తెలియడానికి గొలుసుతో కట్టిన ఎర్ర పీపా ఒకటి తేలుతుంటుంది. దాని దాకా వెళ్ళొస్తానని కూర్చుంది.

"వద్దత్తయ్యా. ఈ వయసులో ఎందుకీ పంతాలు? నలుగురూ చూస్తే నవ్వుతారు."

"నవ్వనీ. రెండేళ్ళు ఏడిస్తే చూడ్డానికి ఎవరొచ్చారు?"

"మీకేమైనా అయితే ఆయన నన్నంటారు."

"ఓహో, నీ భయం నా కోసం కాదన్నమాట" అంటూ నవ్వుతూనే తెడ్డు తీసుకుని వెళ్ళిపోయింది. అప్పుడు పదిన్నర. కోపంతో నేను రేవు దాకా కూడా వెళ్ళలేదు.

కోపం వచ్చినప్పుడు నాకు ఏదో ఒక పని కావాలి. వారం కిందట పిడి దగ్గర చీలిన తెడ్డొకటి ఉంది. మా ఆయన దాని చోట కొత్తది పెట్టి, పాతదాన్ని చెత్తలో పడేశాడు. నాకు మనసొప్పక, ఆయన చూడకుండా తీసి దాచాను. ఆ రోజు షెడ్డు వెనక కూర్చుని చీలికలో జిగురు నింపి, పైన దారం బిగించి చుట్టి, నా పద్ధతిలో ముడి వేశాను. పని బాగా కుదిరింది. ఇక ఆరబెట్టాలి. నేల మీద పెడితే ఇసుక అంటుకుంటుంది, గోడకి ఆనిస్తే జారిపోతుంది. లోపలికెళ్ళి చూస్తే బేరాలన్నీ తిరిగొచ్చేశాయి. పదకొండు కొక్కేలు నిండి ఉన్నాయి, ఏడోది ఒక్కటే ఖాళీ. దానికి తగిలించాను.

నిజం చెప్పాలంటే ఆరబెట్టడం ఒక్కటే కాదు. ఆ ఖాళీని ఇంకా చూడలేకపోయాను. అక్కడ ఒక తెడ్డు వేలాడేసరికి, అది ఆవిడది కాదని తెలిసినా, గుండె కాస్త కుదుటపడింది. అత్తయ్య రాగానే తీసేద్దామనుకున్నాను.

అంతలో బయట కేక వినిపించింది. తెడ్డు పెట్టేసి ఇంటికి బయల్దేరిన ఒకావిడ పగిలిన గవ్వ మీద కాలేసింది. రక్తం ధారగా కారుతోంది. ఆవిణ్ణి భుజం మీద ఆనించుకుని రెండు వీధుల అవతల నర్సు దగ్గరికి తీసుకెళ్ళాను. అక్కడ వరసలో కూర్చోబెట్టారు. కట్టు కట్టించి బయటపడేసరికి పన్నెండున్నర. వంటకి ఆలస్యమైందని వెనక సందులోంచి తిన్నగా ఇంటికొచ్చి పొయ్యి వెలిగించాను. తెడ్డు మాటే మర్చిపోయాను.

ఒకటిన్నరకి మా ఆయన వచ్చాడు. చేతులనిండా గ్రీజు.

"మన షెడ్డు పడవ ఇంజను ఇప్పి మెకానిక్‌కి ఇచ్చొచ్చా. సాయంత్రానికి ఇస్తాట్ట. అమ్మేది?"

"రాలేదా? నేను షెడ్డులో ఉందనుకున్నానే" అన్నాను.

"షెడ్డుకి పన్నెండింటికే తాళం వేశా. అందరూ వచ్చేశారుగా. పన్నెండూ నిండి ఉన్నాయి, నా కళ్ళతో చూశా."

"అయితే బేకరీ ఆవిడతో కబుర్లలో పడుంటుంది."

"అంతే అయ్యుంటుంది."

నిండి ఉన్నాయి అన్న మాట వినగానే నా ప్రాణం హాయిగా కుదుటపడింది. దీనికి ఇప్పటికీ నన్ను నేను క్షమించుకోలేను. ఆ కొక్కెం నింపిన చెయ్యి నాదే, అది చూసి ఇంట్లో ముందుగా మోసపోయిందీ నేనే. కంచాలు పెట్టాను. చేతులు కడుక్కోవడానికి కుళాయి తిప్పాను. బొటనవేలి మీద ఏదో గరుగ్గా తగిలింది. గోటితో గీకితే పొరలా లేచింది. ఎండిపోయిన జిగురు.

కుళాయి కట్టలేదు. చెప్పులు వేసుకోలేదు. "అత్తయ్య నీళ్ళ మీదే ఉంది" అని మాత్రం అన్నాను. అన్నానో అరిచానో గుర్తు లేదు. వీధి దాటుతుంటే గాలి నా వీపుని తోసింది. కొండ వైపు నుంచి వీస్తున్న వేడిగాలి. వంటింటి కిటికీ ఆ వైపు లేదు కాబట్టి నాకు తెలియలేదు.

మా ఆయన తాళం తీసి లోపలికి పరుగెత్తాడు. ఏడో కొక్కానికి వేలాడుతున్న తెడ్డుని తిప్పి చూశాడు. దాని మీద ఉన్న అంకె ఏడు కాదు. "నేను పారేసిన తెడ్డు ఇది. ఇక్కడికెలా వచ్చింది?" అన్నాడు. నోరు తెరిచాను. ఆయన జవాబు కోసం ఆగలేదు.

రేవు మీద నిలబడి చూస్తే నీళ్ళు అద్దంలా ఉన్నాయి. ఒక్క ముడత లేదు. నిలబడి ఉన్న మనిషి ఒక్కరూ కనపడలేదు. అంత అందంగా ఆ చోటుని ఆ వేసవిలో మరెప్పుడూ చూడలేదు.

మా ఆయన రక్షణ వాళ్ళకి ఫోను చేశాడు. పడవ రావడానికి గంట పడుతుందన్నారు. మా పడవకి ఇంజను లేక, ఫోను నా చేతిలో పడేసి ఒక బోర్డు లాగాడు.

"దాని మీద వెళ్ళి ఏం చేస్తావురా అబ్బాయ్? ఒకర్ని వెతికేది కాస్తా ఇద్దర్ని వెతకాల్సొస్తుంది" అని సరంగు తాత ఆయన భుజం పట్టి ఆపాడు. అప్పటికే తన ముసలి పడవని నీళ్ళలోకి తోసేశాడు. "ఎక్కు. అమ్మాయ్, నువ్వూ ఎక్కు."

"నేనా?"

"నాకు చూపు ఆనదు. వీడు వణికిపోతున్నాడు, ఏం చూస్తాడు? సూది బెజ్జం చూసే కళ్ళు నీవి. ఎక్కు తల్లీ, ఆలస్యం చెయ్యకు."

జీవితంలో మొదటిసారి పడవెక్కాను. ఎలా ఎక్కానో తెలీదు. అంచు పట్టుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాను. అడుగున చెక్కల కింద నీళ్ళు కదులుతుంటే మోకాళ్ళకి తెలుస్తోంది. కళ్ళు మూసుకోవాలనిపించింది. కానీ నన్ను తెచ్చిందే కళ్ళ కోసం. తెరిచే ఉంచాను, మంట పుట్టేదాకా తెరిచే ఉంచాను.

మలుపు దగ్గరికి రాగానే అద్దం పగిలింది. అప్పటిదాకా వీపు మీద ఒట్టి గాలి అనుకున్నది అక్కడ నీళ్ళని ముందుకు తరుముతోంది. పొట్టి పొట్టి అలలు, అన్నీ ఒకటే దిక్కుకి, మా నుంచి దూరంగా. ఒక నారింజ చుక్క కనపడింది. "అదుగో" అని అరిచాను. వలకి కట్టిన బెండు అది. తర్వాత ఇంకోటి కనపడితే అరవడానికి భయమేసింది. అది కూడా కాకపోతే మా ఆయన ముఖం చూడలేను. రెండు అలల మధ్య పోయింది, మళ్ళీ వచ్చింది. ఎర్ర పీపా పక్కనే ఉంది. కదలడం లేదు.

"తాతా, పీపా దగ్గర" అన్నాను మెల్లగా.

అత్తయ్య బోర్డు మీద బోర్లా పడుకుని ఉంది. కాలి పట్టీ విప్పి, తాడుని పీపాకున్న ఇనుప కడియంలోంచి దూర్చి, మళ్ళీ కాలికే కట్టుకుంది. అలా మూడు గంటలు వేలాడింది. ఆ నాలుగు వరసల కుట్టు మీదే బోర్డూ ఆవిడా రెండూ నిలిచాయి. తెడ్డు ఎప్పుడో కొట్టుకుపోయింది. జాకెట్టుకి కట్టిన ఈల ఊది ఊది పెదాలు పగిలిపోయాయి. గాలి ఒడ్డు వైపు నుంచి వీస్తుంటే ఆ ఈల మాకెక్కడ వినపడుతుంది?

మా ఆయన ఆవిణ్ణి పడవలోకి లాగి ఒళ్ళోకి తీసుకున్నాడు. పట్టీ విప్పడానికి ఆయన వేళ్ళు ఆడలేదు. నేను విప్పాను. కింద చర్మం ఒలిచినట్టు ఎర్రగా ఉంది. నాలుగు గుక్కలు నీళ్ళు తాగాక అత్తయ్యకి మాట వచ్చింది.

"నువ్వు తాళం వేస్తుంటే కనపడింది రా. చిన్నగా, అగ్గిపెట్టెంత షెడ్డు. తలుపు మూశావు. అరిచాను. నువ్వు వెనక్కి తిరక్కుండా వెళ్ళిపోయావు."

మా ఆయన ఏడవడం నేనప్పుడే చూశాను. ఏడుస్తూనే, "నేను చూశానమ్మా. పన్నెండూ నిండి ఉన్నాయి. నేను పారేసిన తెడ్డుకి ఎవరో దారం చుట్టి నీ కొక్కానికి తగిలించారు. ఎవరో గానీ, వాళ్ళ ముఖం జన్మలో చూడను" అన్నాడు.

దారం అన్న మాట దగ్గర అత్తయ్య కళ్ళు నా చేతుల మీదికి వచ్చాయి. నేను పడవ అంచు పట్టుకుని ఉన్నాను. బొటనవేలు లోపలికి మడుచుకున్నాను. ఆవిడ నా ముఖం వంక ఒక్క క్షణం చూసి, కొడుకు వైపు తిరిగింది.

"నేనే రా" అంది.

"ఏంటి?"

"నేనే తగిలించా. కొక్కెం ఖాళీగా కనపడితే నన్ను పీపా దాకా వెళ్ళనివ్వరని."

మా ఆయన ఆవిణ్ణి పట్టుకున్న చేతులు వదల్లేదు గానీ, ముఖం పక్కకి తిప్పుకున్నాడు. సరంగు తాత దగ్గి, ఇంజను చప్పుడు పెంచాడు. నేను చెప్పొచ్చు. ఒడ్డు చేరేదాకా పావుగంట ఉంది, పావుగంటా నోరు మూసుకునే కూర్చున్నాను.

ఆ మర్నాడు మా ఆయన కొత్త తెడ్డు తెచ్చి ఏడు అంకె వేసి కొక్కానికి తగిలించి, "అమ్మా, ఇక నీళ్ళ మీదికి వెళ్ళొద్దు. నన్ను మోసం చేసి వెళ్ళావు, ఇక నిన్ను నమ్మలేను" అన్నాడు. అత్తయ్య సరేనంది. వెళ్ళి కిటికీ దగ్గర కూర్చుంది.

ఆవిడ నీళ్ళ మీదికి వెళ్ళకూడదని వేసవంతా ఎన్ని మొక్కులు మొక్కుకున్నానో. అన్నీ ఒక్కసారే తీరాయి. ఏడో కొక్కెం పొద్దస్తమానం నిండుగా ఉండేది. ఇదివరకు ఖాళీ చూస్తే భయపడేదాన్ని, ఇప్పుడు ఆ నిండుతనం చూస్తే భయం. దాన్ని దాటి వెళ్ళాల్సొచ్చినప్పుడల్లా తల దించుకునేదాన్ని. అన్నం సహించేది కాదు. మా ఆయన నన్ను మామూలుగా పిలిచినా ఉలిక్కిపడేదాన్ని.

ఒక మధ్యాహ్నం అత్తయ్య కాలికి మందు రాస్తూ అడిగాను.

"ఎందుకన్నారత్తయ్యా అలా?"

"వాడు కోపంలో ఉన్నాడు. తల్లి మీద కోపం ఎన్నాళ్ళుంటుంది? పెళ్ళాం మీదైతే అలా కాదు. ముఖం చూడనన్నాడు, విన్నావుగా."

"నేను చెప్పేస్తాను."

"నోరు మూసుకో. ఆరిపోయిన నిప్పుని ఎందుకు కెలకడం? ఎలాగూ నాకు కూడా ఇప్పుడు నీళ్ళంటే భయమేస్తోంది" అంది.

అబద్ధం. ఆవిడ చేతులు ఒళ్ళో ఒకదాని పైన ఒకటి, తెడ్డు పట్టుకున్నట్టే ఉన్నాయి. చూపు కిటికీలోంచి పీపా వైపే ఉంది. మామయ్య పోయినప్పటి ముఖం మళ్ళీ తెచ్చి పెట్టుకుంది. అది నేను తెచ్చి పెట్టిన ముఖం. తెలిసీ మూడు వారాలు ఊరుకున్నాను. ముందు నుయ్యి, వెనక గొయ్యి. చెప్తే మొగుడు దూరమవుతాడు, చెప్పకపోతే ఈ మనిషి ఇలా కిటికీలోనే ఎండిపోతుంది. నా పిరికితనం ఎంత లోతుందో నాకు ఆ మూడు వారాల్లోనే తెలిసింది.

వేసవి ఆఖరి వారం. బేరాలు తగ్గాయి. మా ఆయన షెడ్డులో కూర్చుని తెడ్ల మీద చెరిగిపోయిన అంకెలకి రంగు వేస్తున్నాడు. నేను చిరిగిన జాకెట్లు కుడుతున్నాను.

"ఏడోది కూడా వచ్చే ఏడు అద్దెకిచ్చేద్దాం. ఊరికే వేలాడదియ్యడం దేనికి?" అన్నాడు.

సూది నా వేలిలో దిగింది.

"ఆ తెడ్డు తగిలించింది నేను" అన్నాను.

ఆయన కుంచె ఆపలేదు. మధ్యలో ఆగితే ఇక చెప్పలేనని గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను, జిగురు, దారం, ఖాళీ కొక్కెం చూడలేకపోవడం, గవ్వ గుచ్చుకున్నావిడ, అన్నీ. చెప్పడం అయిపోయాక కూడా ఆయన పది అంకెలోని సున్నా చుట్టూ నెమ్మదిగా కుంచె తిప్పుతూనే ఉన్నాడు.

"తెలుసు" అన్నాడు చివరికి.

"తెలుసా?"

"మా అమ్మకి సూదిలో దారం ఎక్కించడమే రాదు. ఆ ముడి చూడగానే తెలిసింది. నా చొక్కా గుండీలన్నీ ఆ ముడితోనే ఉన్నాయిగా. పడవలో తెలీలేదు. ఇంటికొచ్చాక, తెడ్డు పారేద్దామని చేతిలోకి తీసుకున్నప్పుడు తెలిసింది."

"మరి ఇన్నాళ్ళూ ఎందుకు అడగలేదు?"

"ఏమని అడగను? ముఖం చూడనని నోరు జారాను. అడిగితే ఆ మాట మీద నిలబడాలి. నిలబడ్డం నావల్ల కాదు" అన్నాడు. కుంచె డబ్బాలో పెట్టి నా వంక చూశాడు. నేను తల దించుకున్నాను. "ఇటు చూడు. నేను చూస్తూనే ఉన్నాగా" అన్నాడు.

ఏడుపు తన్నుకొచ్చింది. ఆ ఏడుపులోనే కోపం కూడా వచ్చింది. అదెక్కణ్ణుంచి వచ్చిందో!

"తెలిసీ అత్తయ్యనెందుకు ఆపారు? ఆవిడ చేసిన తప్పేముంది?"

ఆయన కుంచె తీసి డబ్బా అంచుకి గీశాడు. తర్వాత గోడ వైపు చూస్తూ, "నేను తాళం వేస్తుంటే కనపడిందంది కదా. ఆ రోజు నుంచి తాళం పట్టుకున్నప్పుడల్లా వెనక్కి తిరిగి చూస్తున్నా. నాలుగుసార్లు చూస్తున్నా. అమ్మ ఇంట్లో ఉందని తెలిస్తేనే తాళం పడుతోంది. తను చెప్పింది అబద్ధమని తెలిసీ, దాన్నే సాకు చేసుకున్నా. నువ్వొక్కదానివే పిరికిదానివనుకుంటున్నావా?" అన్నాడు.

ఆయన ఏడో తెడ్డు కిందికి దించి, దాని మీద అంకెని మళ్ళీ దిద్దాడు. మిగతావాటికంటే లావుగా దిద్దాడు. సాయంత్రం ఇంటికొచ్చి, కిటికీ వైపు చూడకుండా చెప్పులు విడుస్తూ అన్నాడు.

"అమ్మా, రేపు గాలి లేదట. సరంగు తాత చెప్పాడు."

"అయితే?" అంది అత్తయ్య.

"అయితే ఏం లేదు."

అత్తయ్య నా వైపు చూసింది. నా కళ్ళు వాచి ఉన్నాయి. ఆ రాత్రి ఆవిడ పళ్ళెంలో వడ్డించింది మొత్తం తిని, ఇంకొంచెం పెట్టమంది.

మర్నాడు పొద్దున నేను షెడ్డులోకి వెళ్ళేసరికి ఏడో కొక్కెం ఖాళీగా ఉంది. దాన్ని ముట్టుకోకుండా బయటికి నడిచాను. రేవు మీద మా ఆయన నిలబడి ఉన్నాడు. తాళంచెవి నా చేతిలో పెట్టాడు.

"ఇక తాళం నువ్వే వెయ్యి. కొక్కేలు చూసి కాదు, ముఖాలు చూసి" అన్నాడు.

నారింజ చుక్క పీపా వైపు నిదానంగా వెళ్తోంది, నిటారుగా. తెడ్డు ఒకసారి కుడికి, ఒకసారి ఎడమకి దిగుతోంది. ఇంకాస్త దగ్గర్నుంచి చూద్దామని మెట్లు దిగాను, ఇంకో మెట్టు దిగాను. నీళ్ళు చీలమండ దాటాయి. తాళంచెవి గుప్పిట్లో బిగించి పట్టుకుని, ఆవిడ తిరిగొచ్చేదాకా అక్కడే నిలబడ్డాను.